తక్కువ ఖర్చుతో బేస్‌బాల్ వీక్షణం

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. ప్రతి జట్టూ ఏటా 162 పోటీలు ఆడుతుంది. వాటిలో సగం, అంటే 81 పోటీలు, సొంత మైదానంలోనే జరుగుతాయి. ఇన్ని పోటీలకూ గిరాకీ ఒకే విధంగా ఉండదు. మితవ్యయాన్ని కోరే ప్రేక్షకునికి ఇదే ఆధారం.

2010లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు గిరాకీని బట్టి మారే ధరలను మైదానమంతటా అమలుచేసింది. తరువాత ఇతర జట్లూ ఆ బాటనే పట్టాయి. ప్రత్యర్థి జట్టు, వారం, వాతావరణం మారితే అదే కుర్చీ వెల మారుతుంది. అందువల్ల శనివారపు పోటీ కంటే ఏప్రిల్ చలిలో మంగళవారం జరిగే పోటీకి టికెట్టు సాధారణంగా చౌకగా లభిస్తుంది. టికెట్ల వెలలను పోల్చేటప్పుడు సేవా రుసుములను కూడా కలిపి లెక్కించాలి.

టికెట్టుపై మిగిల్చిన సొమ్మును పార్కింగ్ హరించవచ్చు. షికాగోలో 1914లో ప్రారంభమైన రిగ్లీ ఫీల్డ్ నివాస ప్రాంతంలో ఉంది. అక్కడ కార్లు నిలిపే చోటు తక్కువ, రుసుము ఎక్కువ. కాని రెడ్ లైన్ రైలు ఆగే అడిసన్ స్టేషన్ మైదానానికి కూతవేటు దూరంలో ఉంది. కారును దూరాన నిలిపి రైలులో వచ్చేవారికి ఆ భారం తగ్గుతుంది.

నలుగురున్న కుటుంబానికి ఇలా మిగిలే సొమ్ము చిన్నది కాదు. వినోదం సంపన్నులకే పరిమితం కాకుండా ఉండాలంటే ఇటువంటి వివేకం అవసరం.