మీట నొక్కితే ‘క’ వచ్చేదాకా

కంప్యూటరు మీద మీరు తెలుగు టైపు చేసే ఉంటారు. ఇన్‌స్క్రిప్ట్ అమరికను ఎన్నుకొని ఇంగ్లీషు ‘కె’ ఉన్న మీటను నొక్కితే తెర మీద ‘క’ కనబడుతుంది. మరి కీబోర్డుకు తెలుగు వచ్చునా? రాదు. ఇంగ్లీషూ రాదు. యు.ఎస్.బి. కీబోర్డయితే ఆ మీట నొక్కినప్పుడు అది పంపేది 14 అనే సంఖ్య మాత్రమే. ఆ 14 ‘క’గా ఎట్లా మారుతుందో చూద్దాము.

మనం వాడే ప్రోగ్రాములేవీ కీబోర్డును గాని, డిస్కును గాని నేరుగా ముట్టవు. ముట్టనిస్తే ఏమవుతుంది? మీరు వ్యాసం రాసే ప్రోగ్రామూ, మీ చెల్లెలు ఆడే ఆటా డిస్కు మీద ఒకే చోట రాయబోయి రెండూ చెడిపోతాయి. అందుకని పరికరాల పెత్తనమంతా కెర్నెల్ అనే ఒక్క ప్రోగ్రాము చేతిలో ఉంటుంది. కెర్నెల్ అంటే గింజలోని పప్పు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది నడిమి పప్పు అన్నమాట. 1991లో ఫిన్లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న లైనస్ టోర్వాల్డ్స్ ఒక కెర్నెల్ రాసి అందరికీ పంచాడు. దాని పేరు లినక్స్. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ అదే. మనం దానినే ఉదాహరణగా తీసుకొందాము.

పరికరాలకూ కంప్యూటరుకూ నడుమ ఉండే ఉమ్మడి దారిని బస్ అంటారు. రోడ్డు మీద పోయే బస్సుకూ దీనికీ పేరు ఒకచోటనే పుట్టింది. లాటిన్‌లో ‘అందరి కొరకు’ అని అర్థమిచ్చే ‘ఆమ్నిబస్’ అనే మాట అది. 1996లో వచ్చిన యు.ఎస్.బి. అటువంటి దారి. దానిని రూపొందించినవారిలో భారతదేశంలో పుట్టిన అజయ్ భట్ ముఖ్యుడు. అంతకు మునుపు చాలా కంప్యూటర్లలో కొత్త కార్డు పెట్టాలంటే దాని మీది చిన్న పిన్నులను చేత్తో సర్ది ఒక నంబరు కేటాయించవలసి వచ్చేది. రెండు కార్డులకు ఒకే నంబరు పడితే పని చెడేది. పాపం, పెద్దలు కూడా గంటల తరబడి తల పట్టుకొనేవారు!

యు.ఎస్.బి.లో ఆ బాధ లేదు. మీరు కీబోర్డును తగిలించగానే, ఎవరో వచ్చారని కెర్నెల్‌కు కబురు అందుతుంది. కొత్తగా వచ్చిన పరికరం ఏదైనా మొదట 0 అనే నంబరుకు పలుకుతుంది. కెర్నెల్ దానికి 1 నుండి 127 లోపల ఖాళీగా ఉన్న ఒక నంబరు ఇస్తుంది. “నీవెవరు?” అని అడుగుతుంది. పరికరం తన వివరాల చీటీ చూపుతుంది. తయారుచేసినవారి సంఖ్య, వస్తువు సంఖ్య, ఏ తరగతికి చెందినదో ఆ సంఖ్య అందులో ఉంటాయి. కీబోర్డులూ మౌసులూ 3వ తరగతి. పెన్‌డ్రైవులు 8వ తరగతి. మీ బడిలోలాగా పెద్ద తరగతి, చిన్న తరగతి అనుకోకండి, ఇవి రకాలు మాత్రమే.

ఇప్పుడు కెర్నెల్‌కు ఒక దుబాసీ కావాలి. ఇంగ్లీషు రాని మీ అమ్మమ్మను డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు మీరు నడుమ నిలబడి ఇటుమాట అటు, అటుమాట ఇటు చెప్పి ఉంటారు గదా! ఆ పని చేసే ప్రోగ్రామునే డ్రైవరు అంటారు. లినక్స్ కెర్నెల్ రాతలో సగానికి పైగా డ్రైవర్లే. “ఫలానా పరికరాల భాష నాకు వచ్చును” అని ప్రతి డ్రైవరూ ముందే ఒక పట్టిక ఇచ్చి ఉంటుంది. కెర్నెల్ ఆ పట్టికలతో చీటీని పోల్చి, సరిపడిన డ్రైవరును పిలిచి, “చూచి చెప్పు, నీవు నడపగలవా?” అని అడుగుతుంది. సరేనంటే పరికరాన్ని అప్పగిస్తుంది.

ఇక మీట నొక్కండి. కీబోర్డు తనంత తాను మాట్లాడదు. కంప్యూటరు కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారి “ఏమైనా ఉన్నదా?” అని అడుగుతూనే ఉంటుంది. అడిగినప్పుడు 14 అని చెబుతుంది. డ్రైవరు దానిని లినక్స్ లెక్కలో 37గా మార్చి పైకి పంపుతుంది. కెర్నెల్ బయట ఉన్న అక్షరాల పట్టిక అక్కడ ‘క’ అని నిర్ణయిస్తుంది. మీ ప్రక్కవాడు ఫ్రెంచి పట్టిక పెట్టుకొంటే అదే కీబోర్డు ఫ్రెంచి రాస్తుంది.

దుబాసీ తప్పు చెబితే మందు మారిపోవచ్చు. చాలా డ్రైవర్లు కెర్నెల్ లోపలనే, దానికున్న సర్వాధికారాలతో పని చేస్తాయి. ఒక మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే ఆగుతుంది. డ్రైవరు తప్పు చేస్తే యంత్రమంతా ఆగవచ్చు. 2024 జూలై 19న ఒక భద్రతా సంస్థవారి డ్రైవరు, వారే పంపిన లోపమున్న ఫైలును చదివి తడబడింది. అది కీబోర్డు వంటి వస్తువును నడిపేది కాదు, కాపలా కాసేది. అయినా కెర్నెల్ లోపల ఉండడం వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రులలో పనులు ఆగాయి.

పెన్‌డ్రైవు సంగతి కూడా గుర్తుంచుకోండి. మీరు దాచమన్న వ్యాసాన్ని కెర్నెల్ తరచు తన దగ్గర కొంతసేపు ఉంచుకొని, వీలు చూచి డ్రైవు మీద రాస్తుంది. తొందరపడి లాగితే సగం వ్యాసమే మిగలవచ్చు. అందుకే “తీయవచ్చునా?” అని ముందు కంప్యూటరును అడగాలి.

చేసి చూడండి: లినక్స్ ఉన్న కంప్యూటరు దొరికితే, పెద్దల అనుమతితో టెర్మినల్ తెరచి ‘ఎల్ ఎస్ యు ఎస్ బి’ అనే అయిదు ఇంగ్లీషు అక్షరాలను చిన్నబడిలో, ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కండి. తగిలించి ఉన్న పరికరాల నంబర్లు వరుసగా కనబడతాయి. మౌసు నంబరు రాసుకొని, దానిని తీసి మళ్ళీ తగిలించి, మరొకసారి చూడండి. పాత నంబరే వచ్చిందా?