అర్జీ భాష వదిలేద్దాం: టీచింగ్ అసిస్టెంట్ పోస్టుకు దరఖాస్తు ఎలా రాయాలి?

పెబ్బేరు చుట్టుపక్కల దళిత వాడల నుంచి పీజీలు, పీహెచ్‌డీలు చేస్తున్నవాళ్లు పెరుగుతున్నారు. పాఠం చెప్పే కొలువులూ ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నాయి. పెబ్బేరులో 2017లో మొదలైన మత్స్య కళాశాల ఉంది. మోజర్లలో ఉద్యాన కళాశాల ఉంది. పాలమూరు యూనివర్సిటీకి వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో పీజీ సెంటర్లు ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు, కాలేజీలు ఖాళీలను తాత్కాలికంగా నింపేటప్పుడు టీచింగ్ అసిస్టెంట్, టీచింగ్ అసోసియేట్, గెస్ట్ ఫ్యాకల్టీ, పార్ట్ టైమ్ లెక్చరర్ అని రకరకాల పేర్లు పెడతాయి. ప్రకటనకూ వాక్-ఇన్ ఇంటర్వ్యూకూ మధ్య చాలాసార్లు కొద్ది రోజులే గడువు. ఇంట్లో ఒక లెక్చరర్ ఉన్నవాళ్లకు ఆ గడువు సరిపోతుంది. మొదటి తరం చదువుకున్నవాళ్లకు సరిపోదు. అందుకే ప్రకటన రాకముందే సిద్ధం కావాలి.

తోటి విద్యార్థుల దరఖాస్తులు చదివినప్పుడల్లా మాకు ఒకటే కనిపిస్తుంది. "మాది నిరుపేద కుటుంబం, దయతో అవకాశం ఇప్పించగలరు" అని మొదలవుతాయి. ఎమ్మార్వో ఆఫీసుకు అర్జీలు రాసీ రాసీ అలవాటైన భాష అది. సెలెక్షన్ కమిటీ చూసేది వేరు: ఈ మనిషి ఈ సబ్జెక్టు చెప్పగలడా, ప్రాక్టికల్స్ నడపగలడా? దరఖాస్తు మొదటి పేరాలోనే దానికి జవాబు ఉండాలి. ఏ పోస్టు, ఏ విభాగం, మీ డిగ్రీ, నెట్ లేదా సెట్ అర్హత, ఏయే పేపర్లు చెప్పగలరు. నాలుగు వాక్యాలు చాలు.

రెండో పేరా అనుభవం. "నాకు అనుభవం లేదు" అని మనవాళ్లు తేలిగ్గా రాసేస్తారు. జీతం రాని బోధన కూడా బోధనే. హాస్టల్లో జూనియర్లకు లెక్కలు చెప్పడం, వాడలో సాయంత్రం ట్యూషన్ నడపడం, ల్యాబ్‌లో కింది బ్యాచ్‌కు ప్రయోగం చేయించడం అన్నీ లెక్కలోకి వస్తాయి. అయితే వివరంగా రాయాలి. "జూనియర్లకు సాయం చేశాను" అంటే ఏమీ తెలియదు. "బీఎఫ్‌ఎస్సీ రెండో ఏడాది విద్యార్థులకు ఒక సెమిస్టర్ పాటు చెరువు నీటిలో పీహెచ్, కరిగిన ఆక్సిజన్ కొలవడం నేర్పాను" అంటే పని కళ్లకు కడుతుంది. ఎంతమందికి, ఎన్ని నెలలు, వారానికి ఎన్ని గంటలు చెప్పారో నిజమైన అంకెలే వేయండి. ఆ పని చూసిన టీచర్ దగ్గర లెటర్‌హెడ్ మీద, తేదీలతో సర్టిఫికెట్ ముందే తీసుకోండి.

తెలుగు మీడియంలో చదివామని దాచుకోవద్దు. పల్లె నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ పాఠం దగ్గర ఎక్కడ ఆగిపోతారో తెలిసినవాళ్లం మనమే. డెమో క్లాసులో ఒకే భావన తీసుకుని, సాంకేతిక పదం ఇంగ్లిష్‌లో, వివరణ తెలుగులో చెప్పి, చివర ఒక ప్రశ్న అడగండి. పది నిమిషాల్లో అధ్యాయమంతా చెప్పబోతే ఏదీ మిగలదు.

ఇక కాగితాలు. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు పీజీలో 55 శాతం అడుగుతారు, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. ప్రకటనలో ఆ సడలింపు రాశారో లేదో చూడండి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లో ఉంది: గ్రూప్-1కు 1 శాతం, గ్రూప్-2కు 9 శాతం, గ్రూప్-3కు 5 శాతం. మీ కులం ఏ గ్రూపులో ఉందో చూసుకుని, ప్రకటన అడిగిన తీరులో కుల ధ్రువీకరణ పత్రం సిద్ధం చేసుకోండి.

అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి రోస్టర్. కేంద్ర ప్రభుత్వ పోస్టుల్లో 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాలకూ రిజర్వేషన్ వర్తిస్తుందని కేంద్రం ఆదేశాలున్నాయి. రాష్ట్ర సంస్థలు "తాత్కాలికమే కదా" అని తప్పించుకుంటే ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా అడగాలి. రెండోది వేతనం. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కు రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50,000 అని యూజీసీ 2019లో చెప్పింది. ప్రకటనలోని అంకెను దాని పక్కన పెట్టి చూడండి.

ఎంపిక కాకపోతే అక్కడితో వదిలేయొద్దు. సమాచార హక్కు చట్టం 2005 కింద మీకు వచ్చిన మార్కులు, మార్కులు వేసిన పద్ధతి, పాటించిన రోస్టర్ అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. తరువాతి దరఖాస్తులో ఏం సరిచేసుకోవాలో దాంట్లో తెలుస్తుంది. అన్యాయం జరిగి ఉంటే అదే ఆధారం.

1918లో అంబేడ్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరినప్పుడు, స్టాఫ్ రూంలో నీళ్ల కుండ ఆయన ముట్టుకోవడానికి వీల్లేదని తోటి అధ్యాపకులు అభ్యంతరం పెట్టారు. పాఠం చెప్పే చోటు మనకు ఎప్పుడూ తేలిగ్గా దక్కలేదు. కాబట్టి ఒంటరిగా రాయొద్దు. ప్రకటన కనిపించగానే స్టడీ సర్కిల్‌లో, హాస్టల్ గ్రూపులో పెట్టండి. ఒకరి దరఖాస్తు ఇంకొకరు చదవండి. ఈ ఏడాది ఎంపికైనవాళ్లు తమ దరఖాస్తు కాపీని వచ్చే ఏడాది రాసేవాళ్లకు ఇవ్వాలని మా మనవి.

జై భీమ్.