గేటుకు తాళం... మనసుకు భారం!

2020 మార్చి. సీతంపేట కొండల్లో జీడిపిక్కలు ఏరే కాలం. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చిపడింది. కాలేజీలూ హాస్టళ్లూ మూతపడ్డాయి. బయట చదువుకుంటున్న సవర, జాతాపు పిల్లలు సంచులు సర్దుకుని కొండెక్కేశారు. వాళ్లలో ఆటగాళ్లూ ఉన్నారు.

చదువుకైతే ఫోన్ పాఠాలన్నారు (సిగ్నల్ కోసం గుట్టలెక్కాల్సి రావడం వేరే కథ). మరి ఆటకి? కొండదారిలో ఒంటరిగా పరుగెత్తొచ్చు. కానీ స్టాప్‌వాచీ పట్టుకునే సారు ఉండరు. పక్కన పోటీపడే స్నేహితురాలు ఉండదు. హాస్టల్లో పెట్టే గుడ్డు ఇంట్లో రోజూ కుదరదు. అసలు పోటీలెప్పుడో చెప్పేవాళ్లే లేరు. తేదీ లేని పందెం కోసం తెల్లవారకముందే లేవాలంటే ఎవరికైనా కాళ్లు కదులుతాయా?

పైగా యూనివర్సిటీ పోటీలకు వయసు పరిమితి ఉంటుంది. పోయిన ఏడాది పోయినట్టే. దాంతోపాటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశా సన్నగిల్లుతుంది.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీనే చూడండి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున 2020 జనవరిలో మూడబిద్రిలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో దాటేసింది. అప్పటి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38. అయినా డోప్ పరీక్ష జరగలేదంటూ జ్యోతి రికార్డును లెక్కలోకి తీసుకోలేదు. రెండు నెలలకే లాక్‌డౌన్! ఆ రికార్డు ఆమె పేరున చేరింది 2022 మేలో, సైప్రస్‌లోని లిమసోల్‌లో... 13.23 సెకన్లతో. 2023 ఆసియా క్రీడల్లో రజతం, 2024లో పారిస్ ఒలింపిక్స్ ఆ తర్వాతి మాట. ఆమె నిలబడింది. అందరూ జ్యోతిలా నిలబడాలనుకోవడం మాత్రం అన్యాయం.

సౌకర్యాలకు కొదవలేని అమెరికాలోనే 2020లో కాలేజీ క్రీడాకారులను అడిగితే మూడో వంతుకు పైగా నిద్ర సరిగా పట్టడం లేదన్నారు. మరుసటి ఏడాది టోక్యోలో సిమోన్ బైల్స్ అంతటి జిమ్నాస్ట్ మనసు బాగాలేదని పోటీల మధ్యలోంచి తప్పుకుంది. మన ఇళ్లలో అయితే దానికి పెట్టే పేరు ‘బద్ధకం’!

బూట్లు మూలనపడ్డాయా? పిల్ల అన్నం కెలికి లేచిపోతోందా? స్నేహితుల ఫోన్ వచ్చినా తీయడం లేదా? తిట్టేముందు పక్కన కూర్చోండి. ‘ఆట మానెయ్’ అనకండి, ‘పతకం తేవాలి’ అనీ అనకండి. కోచ్ వారానికోసారి పలకరించి, ఈ వారం ఇంత పరుగెత్తు అని చెప్పినా రోజుకో పని దొరుకుతుంది.

రెండు వారాలైనా తేరుకోకపోతే వైద్యుల సాయం తీసుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చుండదు. గుట్టమీద సిగ్నల్ దొరికితే చాలు.