తాళం ఒకటే, కాలాలు వేరు

1981లో ఐబీఎం తొలి పీసీని తెచ్చినప్పుడు ప్రాసెసర్, టైమరు, తెరకు వెళ్లే రంగుల సంకేతం మూడూ ఒకే క్వార్ట్జ్ స్ఫటికం చెప్పినట్టు నడిచేవి. అది సెకనుకు దాదాపు 1 కోటి 43 లక్షల సార్లు, అంటే 14.318 మెగాహెర్ట్జ్ చొప్పున కంపించేది. దాన్ని నాలుగుతో భాగిస్తే అమెరికా కలర్ టీవీకి కావలసిన 3.58, మూడుతో భాగిస్తే 8088 ప్రాసెసర్‌కు 4.77 మెగాహెర్ట్జ్. ఆ ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక బైటు తెచ్చుకోవడానికి నాలుగు టిక్కులు, సుమారు 840 నానోసెకన్లు పట్టేది. సెకనులో వంద కోట్లో వంతు నానోసెకను. అంత వ్యవధి దొరికితే ఆనాటి మెమరీ చిప్పు తీరిగ్గానే జవాబు చెప్పేది.

ఆ పొత్తు ఎంతో కాలం సాగలేదు. చిప్పు లోపల వేగం పెంచినంత తేలిగ్గా బోర్డు మీద పెంచలేం. అడ్డు దూరమే. 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఒక టిక్కు అంటే పావు నానోసెకను. ఆ పావులో రాగి గీత వెంట సంకేతం నాలుగు సెంటీమీటర్లు కూడా పోలేదు. పైగా గుంపుగా బయలుదేరిన సంకేతాలు గుంపుగానే చేరాలి. మదర్‌బోర్డును ఎప్పుడైనా వెలుతుర్లో పట్టి చూడండి. ప్రాసెసర్‌కూ మెమరీ స్లాట్లకూ మధ్య కొన్ని గీతలు తిన్నగా పోకుండా పాముల్లా మెలికలు తిరిగి కనిపిస్తాయి. దగ్గరి పిన్నుకు వెళ్లే గీతను కావాలనే సాగదీసి, దూరపు గీతతో పొడవు సమం చేస్తారు. అంత ఓపికగా గీసిన దారులను డబ్బా మూతకింద దాచేస్తామే అని నాకెప్పుడూ బాధగా ఉంటుంది.

బోర్డును దాని మానాన వదిలి, ప్రాసెసర్‌ను మాత్రమే ఉరికించే ఉపాయాన్ని ఇంటెల్ 1992లో 486 డీఎక్స్2తో అందరి బల్లల మీదికీ తెచ్చింది. బయట 33, లోపల 66 మెగాహెర్ట్జ్. సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ వరుసలను రెండో కాలంలో పాడటం లాంటిదే ఇది. చేతి తాళం మారదు, దెబ్బకు రెండేసి స్వరాలు పడతాయి. ఈ పని చేసే వలయం పేరు ఫేజ్ లాక్డ్ లూప్. అది సొంతంగా ఒక వేగంతో కంపిస్తూ, తన టిక్కులను రెండుకు ఒకటిగా లెక్కించి, బయటి తాళంతో పోల్చుకుంటుంది. వెనకబడితే వేగం పెంచుతుంది, ముందుకు పోతే తగ్గిస్తుంది. నేటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో మూల తాళం సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. 40తో హెచ్చిస్తే 4 గిగాహెర్ట్జ్ అవుతుంది. మెమరీకి వేరే గుణకం. ఇలా వేర్వేరు కాలాల్లో నడిచే భాగాలు కలిసేచోట చిన్న వరుస నిల్వ ఉంటుంది. ఒకరు తమ వేగంతో అందులో పెడతారు, మరొకరు తమ వేగంతో తీసుకుంటారు.

అసలు చిక్కు మెమరీ లోపల ఉంది. ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్‌కు 1968లో పేటెంటు వచ్చిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టరు, రవ్వంత విద్యుదావేశం దాచే ఒక కెపాసిటరు. చదవాలంటే ముందు ఒక వరుసంతా తెరవాలి, ఆ రవ్వంత ఆవేశాన్ని పసిగట్టి పెంచాలి, తరవాత మళ్లీ నింపాలి. దీనికి పట్టే సమయం ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గలేదు. తెరిచిన వరుసలోంచి అడిగిన డేటా బయటికి రావడానికి డీడీఆర్-400 రకం మెమరీలో 15 నానోసెకన్లు పట్టేది. ప్రామాణిక డీడీఆర్4-3200లో 13.75. పేరులోని అంకె ఎనిమిది రెట్లయింది, నిరీక్షణ మాత్రం దాదాపు అక్కడే ఉంది.

బావి దగ్గర నీళ్లు తోడినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. చేంతాడు పొడవు అలాగే ఉంది, చేద పెద్దదైంది. డీడీఆర్4-3200లో లోపలి గడులు నడిచేది 400 మెగాహెర్ట్జ్‌తోనే. ఒక్కసారికి ఎనిమిది విడతల డేటాను తోడి, 1600 మెగాహెర్ట్జ్ గడియారం లేచేటప్పుడొకటి, పడేటప్పుడొకటి చొప్పున బయటికి పంపుతారు. అందుకే పెట్టె మీద 3200. ఎనిమిదేసి బైట్ల చొప్పున ఎనిమిది విడతలు, మొత్తం 64 బైట్లు. ప్రాసెసర్ తన దగ్గరే ఉంచుకునే చిన్న నిల్వలో, అంటే కాష్‌లో, ఒక గడికి సరిగ్గా పట్టేది కూడా అంతే.

ఆ కాష్ పెరట్లో గాబు లాంటిది. చెంబుడు నీళ్లకు ఎవరూ ప్రతిసారీ బావి దాకా పోరు. అన్ని మజిలీలూ దాటి మెమరీ జవాబు రావడానికి సుమారు 80 నానోసెకన్లు పట్టిందనుకుంటే, 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ దగ్గర 320 టిక్కులు గడిచిపోతాయి. అన్నిటికన్నా దగ్గరి కాష్ నుంచైతే నాలుగైదు టిక్కులు చాలు. గాబులో నీళ్లుంటే 3200కూ 2400కూ తేడా పెద్దగా తెలియదు. ఖాళీ అయితే అప్పుడు తెలుస్తుంది.

కంప్యూటర్ కొనేవారికి ఒక మాట. రెండు వేర్వేరు వేగాల మెమరీ ముక్కలు కలిపి పెడితే రెండూ నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి. ఎక్కువ వేగం రాసి ఉన్న మెమరీ చాలాసార్లు బయోస్‌లో ప్రొఫైల్ ఎంచేవరకు తక్కువ వేగంతోనే ఉంటుంది. డబ్బిచ్చి కొన్న వేగం అందుతోందో లేదో విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి చూసుకోవచ్చు. ఒకే 16 జీబీ ముక్క బదులు రెండు 8 జీబీ ముక్కలు వేర్వేరు ఛానెళ్లలో పెడితే, ఒకే బావిలో రెండు చేదలు దిగినట్టే.