ఆంగ్ల పదకుటుంబములు - సులభ నిర్వచనములు

తెలుగు సాహిత్యమునందు గాని భాషాశాస్త్రమునందు గాని పరిశోధన చేయబూనిన విద్యార్థి ఆంగ్లగ్రంథములను చదువక తీరదు. పాఠశాలలోను కళాశాలలోను పెక్కేండ్లు ఆంగ్లము నభ్యసించియు అతడు పుటకు పది తావుల నాగి నిఘంటువును వెదకుచుండుట అధ్యాపకులందరు ఎరిగినదే. అతని వ్రాతపుస్తకము తెరచి చూచినచో కారణము తెలియును. ఎడమ వైపున ఆంగ్లపదము, కుడి వైపున ఒక తెలుగుమాట, నడుమ ఒక గీత. ఇట్లు వేయి పదములు వల్లించినను అవి వేయి ఒంటరి పదములుగనే యుండును. ‘ఎనలైజ్’ అనగా విశ్లేషించుట యని యెరిగినవాడు ‘ఎనలిటికల్’ కడ మరల ఆగును. ఇది జ్ఞాపకశక్తి లోపము కాదు, పద్ధతి లోపమని మా తలంపు.

ఒక మూలపదమును, దాని రూపభేదములను, ప్రత్యయోపసర్గములచే దానినుండి యేర్పడు పదములను కలిపి పదకుటుంబమని వ్యవహరింతురు. ఎనలైజ్, ఎనాలిసిస్, ఎనలిస్ట్, ఎనలిటికల్ అనునవి యొక కుటుంబము. మన విశ్లేషించు, విశ్లేషణము, విశ్లేషకుడు, విశ్లేషణాత్మకము అను పదములు వీనికి ఇంచుమించుగా జోడు. లారీ బవర్, పాల్ నేషన్ అను భాషావేత్తలు 1993లో ఆంగ్ల ప్రత్యయములను వాని వ్యాప్తి, నియతత్వము మున్నగు లక్షణములను బట్టి ఏడు మెట్లుగా అమర్చిరి. తొలిమెట్టున ప్రతిరూపమును వేరుపదమే. రెండవ మెట్టున బహువచనము, భూతకాలము వంటి రూపములు మూలపదముతో చేరును. తుదిమెట్టున గ్రీకు, లాటిను ధాతువులు వచ్చును. ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన పట్టిక పరిశోధక విద్యార్థులకు మరింత ఉపయోగకరము. సామాన్యవ్యవహారమునకు వలయు రెండు వేల కుటుంబములను మినహాయించి, వివిధ శాస్త్రరచనలలో తరచుగా కనబడు 570 కుటుంబములను ఆమె ఏర్చి కూర్చెను. ఆమె పరిశీలించిన 35 లక్షల పదముల శాస్త్రరచనాసంచయములో దాదాపు పదింట నొకవంతు వీనిదే. కావున మోయవలసిన బరువు విద్యార్థి భయపడునంతటిది కాదు.

తెలుగువానికి ఇందు ఒక పూర్వసంస్కారము కూడ కలదు. జ్ఞానము, విజ్ఞానము, జ్ఞాపకము, జిజ్ఞాస అనునవి ఒక ధాతువు సంతతి యని భాషాపండితులు తరగతిలో చెప్పుచునే యుందురు. వారే మరియొక మాటయు చెప్పుదురు: ఉపసర్గ చేరినచో ధాత్వర్థము ఎక్కడికో పోవచ్చునని. ‘జ్ఞా’ తెలిసి ‘ప్రతి’ తెలిసినంత మాత్రమున ‘ప్రతిజ్ఞ’ అనగా శపథమని యూహింప నెవరికి తరము? ఆజ్ఞ, అవజ్ఞ, సంజ్ఞ అనునవియు ఇట్టివే. ఆంగ్లమునను ఇంతే. ‘అపాయింట్’ అనగా నియమించుట. ‘డిసప్పాయింట్’ అను పదము పూర్వము పదవినుండి తొలగించుట అను అర్థమున వాడబడినది. నేడు దాని యర్థము ఆశాభంగము కలిగించుట. ‘హార్డ్’ అనగా శ్రమించి అను అర్థమున్నది గదా యని తాను ‘హార్డ్‌లీ’ చదివితినని వ్రాసిన విద్యార్థి తన శ్రమను చాటుకొంటి ననుకొనును. చదువరికి మాత్రము అతడు చదివినది లేదనియే తెలియును. కుటుంబము రూపసంబంధమును చూపును గాని అర్థమునకు పూచీపడదు.

చెవికిని ఒక చిక్కు కలదు. ‘ఎనలైజ్’లో ఊనిక మొదటి అక్షరముపై నుండును, ‘ఎనాలిసిస్’లో రెండవదానిపై, ‘ఎనలిటికల్’లో మూడవదానిపై. మన విశ్లేషణము ఎన్ని ప్రత్యయములు చేర్చినను ఒకే తీరున వినబడును. కావున ఆంగ్లకుటుంబమును కంటితో చూచుట యొక్కటే చాలదు, పైకి చదివించవలెను.

ఇక నిర్వచనము. అది నిర్వచింపబడు పదముకన్న తేలికగా నుండవలెను. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి మహానిఘంటువులో ‘నెట్‌వర్క్’ అను సుబోధమైన మాటను ‘రెటిక్యులేటెడ్’, ‘డెకస్సేటెడ్’ వంటి మాటలతో వివరించుట నేటికిని పరిహాసముగా చెప్పుకొందురు. వలను కన్నులార చూచినవానికిని ఆ వివరణము బోధపడదు. దీనికి విరుగుడు నాటి అవిభక్త భారతముననే ఆలోచింపబడినది. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నధిష్ఠించిన మైకేల్ వెస్ట్ వంగ విద్యార్థుల ఆంగ్లపఠనమును పరిశీలించి, పిదప 1935లో జేమ్స్ ఎండికాట్‌తో కలిసి ఒక నిఘంటువును వెలువరించెను. అందు దాదాపు 24 వేల పదములు, పదబంధములు కేవలము 1,490 పదములతోనే నిర్వచింపబడినవి. 1978 నాటి లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2 వేల పదములతో ఈ మార్గమునే అనుసరించెను. 1987 నాటి కోబిల్డ్ నిఘంటువు నిర్వచనమును పూర్ణవాక్యముగా మలచెను. సమాసమును తెలిసిన మాటలతో విప్పిచెప్పు మన విగ్రహవాక్యమునకు ఇది దూరపుచుట్టము.

సులభ నిర్వచనమున సూక్ష్మభేదములు కొంత మొద్దుబారుట నిజమే. ఐనను ఒంటిమాటకు ఒంటిమాట యను పట్టికకన్న అది వేయిరెట్లు మేలు. విద్యార్థి పుస్తకములో ‘సిగ్నిఫికెంట్’ కెదురుగ ‘ముఖ్యమైన’ అని యుండును. గణాంకములతో కూడిన వ్యాసమున ఆ మాటకు, కేవల యాదృచ్ఛికమని త్రోసిపుచ్చుటకు వీలుచాలని దని తాత్పర్యము. భేదము మిక్కిలి స్వల్పమై యుండియు ‘సిగ్నిఫికెంట్’ కావచ్చును. మాండలిక పరిశీలనలో అట్టి భేదమును చదివి ‘ముఖ్యభేద’మని తన సిద్ధాంతవ్యాసమున కెక్కించిన పరిశోధకుడు, లేని ప్రాధాన్యమును ఒక మాండలికమున కంటగట్టినవా డగును.

తరగతిలో కుటుంబమంతయు ఒకేనాడు నల్లబల్లపై వ్రాయుట మాకు సమ్మతము కాదు. పెండ్లికి వచ్చినవానిని నిలిపి వధువు బంధువులందరి పేర్లు ఒప్పగింపు మనుట వంటిది అది. చదువుచున్న పుటలో తగిలిన పదమును వాక్యముతో సహా వ్రాసికొని, విద్యార్థి తనకు వచ్చిన ఆంగ్లముననే ఒక నిర్వచనము కూర్చి, నిఘంటువుతో పోల్చి దిద్దుకొనవలెను. తెలుగుమాట ఆ పిమ్మట. తెలుగును వెలివేయు పక్షము మాది కాదు. ‘నీమ్’ అను చెట్టుకు నిర్వచన మెందులకు, వేప యన్న చాలును. పదము క్రింద సగము పుట ఖాళీగా విడువవలెను. మరియొక గ్రంథమున దాని తోబుట్టువు ఎదురైననాడు ఆ పుటలోనే చేర్చి, మూలార్థము నిలిచినచోట నల్లసిరాతోను, మారినచోట ఎఱ్ఱసిరాతోను వ్రాసికొనవలెను.