రోగి యింటినుండి మొదలగు పరిశోధన

మధుమేహము, రక్తపోటు, గుండెజబ్బు మున్నగు దీర్ఘవ్యాధులు ముదురుటయో మందగించుటయో వైద్యుని యెదుట కూర్చున్న పది నిమిషములలో గాక, రోగి తన యింట గడపు తక్కిన కాలమంతటను జరుగుననియు, ఆ యింటి మెట్లు, వంటిల్లు, చేతిలోని డబ్బు, ఇరుగుపొరుగుల తోడ్పాటు వ్యాధిగతిని శాసించుననియు, రోగిని రేయింబవళ్లు కనిపెట్టియుండు నర్సుకు తెలిసినంతగా మరియొకరికి తెలియదు. ఒకే జబ్బు కలవారి పేటలో ఒకలాగును, లేనివారి పేటలో మరొకలాగును పరిణమించుట ఆమె కన్నులార చూచుచునే యుండును. అయితే ఆ చూచినదానిని నలుగురును ఒప్పుకొను ఋజువుగా మలచుటకు ప్రత్యేకమైన తర్ఫీదు కావలెను. అమెరికాలో పిహెచ్.డి. పట్టము పొందిన నర్సులకు మరి రెండు మూడేండ్లు భృతియిచ్చి గరపు పోస్ట్ డాక్టొరల్ శిక్షణ ఇందుకొరకే యేర్పడినది.

ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలలో నర్సింగ్ పరిశోధనకొక కేంద్రము 1986లో వెలసి, 1993లో పూర్తి సంస్థ హోదా నందుకొన్నది. విశ్వవిద్యాలయములు అచ్చటినుండి నిధులు పొంది శిక్షణార్థులను ఎన్నుకొనును. వారు ఆ దేశపు పౌరులో, శాశ్వత నివాసార్హత గలవారో కావలెను. కనుక గ్రీన్‌కార్డు లభించిన మన తెలుగు నర్సులకును ఆ ద్వారము తెరచియే యున్నది. మొదటి యేడు పుచ్చుకొన్న భృతికి నెలకు నెల చొప్పున పరిశోధనయో బోధనయో చేసి ఋణము తీర్పవలెననియు, రెండవ యేడును శిక్షణలో నిలిచినచో ఆ నిలుచుటయే చెల్లింపగుననియు నియమము కలదు. ఓర్పుతో నిలిచినవారిని ఆదరించు ఈ పద్ధతి నాకెంతయు నచ్చినది.

నర్సులు చేయు పరిశోధన యెట్టిదో ఉదాహరణములతో చూతము. వైద్యపట్టము లేకయే అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలైన మొదటి వ్యక్తి, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు నర్సు మార్తా హిల్, బాల్టిమోరు నగరపు బీదపేటలలో రక్తపోటుగల 309 మంది నల్లజాతి పురుషులను మూడేండ్లు వెన్నంటి చూచినది. పలువురికి ఉద్యోగమును, బీమాయును లేని ఆ మనుషులలో ఒక వర్గమువారి యొద్దకు నర్సు, ఆరోగ్య కార్యకర్త, వైద్యుడు జట్టుగా ఏర్పడి, ఇంటికి పోయి పలుకరించుచు, మందులు ఉచితముగా నిచ్చుచు రాగా, వారిలో రక్తపోటు అదుపునకు వచ్చినవారు అంతటి సేవ పొందని రెండవ వర్గమున కంటె హెచ్చుగా నుండిరి. రోగి మందు మ్రింగుట లేదని నిందించుటకు ముందు, ఆ మందు అతని చేతికందు త్రోవ యున్నదా యని విచారింపవలెనని నేనును నమ్ముదును.

అదే నగరమున సారా జాంటన్ అను నర్సు, ఇండ్లకు వెళ్లి వృద్ధులకు వైద్యము చేసిన అనుభవముతో, కేపబుల్ అను పద్ధతిని రూపొందించినది. నాలుగైదు నెలలలో నర్సు నాలుగు మారులు, దైనందిన కార్యములు తేలికపరచు ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆరు మారులు వృద్ధుల యింటికి వత్తురు. నీ జబ్బేమి యని గాక, నీవేమి చేసికొనగోరుచున్నావని అడుగుదురు. తన స్నానము తానే చేసికొనవలెనను ముసలమ్మకు స్నానపు తొట్టి ప్రక్క గోడకు పట్టుకొను పిడియు, మెట్లకు రెండవ వైపున కమ్మీయు, మరమ్మతు పనివాడు వచ్చి బిగించిపోవును. నొప్పులను, దిగులును, మందుల పొందికను నర్సు కనిపెట్టును.

ఇచ్చట శిక్షణ విలువ తేటపడును. మేలు కలిగినది కమ్మీవలననా, ఒంటరి వృద్ధురాలి యింటికి మనిషి వచ్చి మాటలాడుటవలననా? ఈ సందేహము తీరుటకై, 300 మంది పేదవృద్ధులతో జరిపిన పరీక్షలో, ఈ పద్ధతి నందుకొనని రెండవ వర్గమువారి యింటికిని పది మారులు మనుషులను పంపి, కూర్చుండి చేయదగిన కాలక్షేపములు మాత్రమే చేయించిరి. అయిదవ నెలకు, స్నానము, వస్త్రధారణము వంటి పనులలోని అశక్తత మొదటి వర్గమున రెండవదానికంటె 30 శాతము తక్కువగా కనబడెను. 2019లో ఈ ఫలితము ప్రకటితమైనది. నేడు బాల్టిమోరు వెలుపల పెక్కు అమెరికా పట్టణములలో ఈ పద్ధతి నడచుచున్నది.