తిత్తి కెమేరాకు ఇంటి వైద్యం

అటక మీదో, బీరువా అడుగు అరలోనో తోలు సంచీలో ఒక పాత కెమేరా ఉండడం మన ఇళ్ళల్లో వింతేమీ కాదు. పారెయ్యడానికి మనసొప్పదు, వాడదామంటే పని చెయ్యదు. "పాడైపోయిందండీ" అంటారు. ఏం పాడైందని అడిగితే మాత్రం చెప్పేవారు ఉండరు. నేను చూసినంతలో ఇటువంటి వాటిలో నిజంగా విరిగినవి తక్కువ. గ్రీజు ఎండి బిగుసుకుపోయినవే ఎక్కువ.

మా ఇంట్లో ఉన్నది ఆగ్ఫా వారి ఐసొలెట్ రెండో రకం. 1950ల్లో జర్మనీలోని మ్యూనిక్ కార్ఖానాలో తయారైంది. మూసి ఉంటే లావుపాటి పంచాంగమంత ఉంటుంది. మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, కొలిమి తిత్తిలాంటి నల్లని మడతల చివర లెన్సు ముందుకు దూకుతుంది. 120 నంబరు ఫిల్ము వేస్తే ఆరు సెంటీమీటర్ల చదరపు బొమ్మలు 12 వస్తాయి. మా గోడల మీది పాత ఫోటోలన్నీ నాన్నగారు దీనితో తీసినవే. కిందటి మాఘంలో అమ్మకు సహస్ర చంద్ర దర్శనం తలపెట్టినప్పుడు, "ఆ వేళ ఫోటో మీ నాన్నగారి కెమేరాతోనే తియ్యాలి" అంది. ఒక మరమ్మతు దుకాణానికి తీసుకుపోతే, తెరిచైనా చూడకుండా "షోకేసులో పెట్టుకోండి" అన్నారు. చేతిలో నెల్లాళ్ళ వ్యవధి ఉంది. ఇంట్లోనే మొదలుపెట్టాను.

ముందుగా చూడవలసింది వెనకనున్న ఎర్ర కిటికీ. అందులో అంకె కనిపిస్తే లోపల ఫిల్ము ఉన్నట్టే. వెలుతురులో తలుపు తెరవకూడదు. మా దాంట్లో ఏమీ లేదు. తరువాతిది, నొక్కుడు మీట దిగకపోవడం. చాలామంది దీన్నే పెద్ద జబ్బనుకుంటారు. ఒకే ఫిల్ము మీద రెండు బొమ్మలు పడకుండా ఇందులో ఒక కట్టుబాటు ఉంది: ఒకసారి నొక్కాక ఫిల్ము ముందుకు తిప్పితేగాని మీట మళ్ళీ దిగదు. పైగా లెన్సు దగ్గరున్న చిన్న మీటను లాగి షట్టరును విల్లులాగా ఎక్కుపెట్టాలి. ఈ రెండూ తెలియక ఎన్ని కెమేరాలు అటకెక్కాయో!

అసలు జబ్బు దూరం సరిచేసే చక్రంలో ఉంది. ఈ లెన్సులో గాజులు మూడు. ముందు గాజు బిగించిన బిళ్ళ, మధ్య గాజు బిళ్ళలో మరలాగా తిరగాలి. అప్పుడే దగ్గరివీ దూరానివీ స్పష్టంగా వస్తాయి. ఆ మరలకు ఆనాడు పూసిన ఆకుపచ్చ గ్రీజు ఏళ్ళ తరబడి ఎండి లక్కలాగా అయిపోతుంది. ఇక్కడ ఒక మోసం ఉంది సుమండీ. గట్టిగా తిప్పితే చక్రం తిరుగుతుంది. బాగైందని మురిసిపోతాం. నిజానికి ముందు బిళ్ళ మధ్య బిళ్ళను కూడా పట్టుకుని, రెండూ కలిసి షట్టరులోంచి ఊడి వస్తుంటాయి. అలా తీసిన ఫోటోలన్నీ మసకే.

చక్రం అంచునున్న మూడు చిన్న మరలను వదులు చేసి చక్రం తీశాను. అతుక్కున్న రెండు బిళ్ళలనూ కలిపి ఊడదీసి, సిగరెట్ లైటరులో పోసే పెట్రోలులో రాత్రంతా నానబెట్టాను. పొద్దున పూర్తిగా ఆరనిచ్చి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేసి, సైకిలు ట్యూబు ముక్కలతో పట్టుకుని తిప్పాను. కదలలేదు. మళ్ళీ నానబెట్టడం, మళ్ళీ వేడి. (పెట్రోలు తడి ఉండగా వేడి దగ్గరికి రానివ్వకండి, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చెయ్యవలసిన పని.) మూడో సాయంత్రం కిర్రుమని కదిలింది. మరలు విడిపోయే చోట రెండిటి మీదా సూదితో గుర్తు గీసుకున్నాను. ఆ గుర్తు లేకపోతే మళ్ళీ ఏ మరలో ఎక్కించాలో తెలియదు. పంటిపుల్లతో పాకుడులాంటి ఆ పచ్చ జిగురంతా గీకి, కొత్త గ్రీజు పేరుకు మాత్రం రాశాను.

షట్టరు రేకులు కూడా మందంగా ఉన్నాయి. అదే పెట్రోలు రెండు చుక్కలు వేసి, ఆరనిచ్చి, పదే పదే నొక్కితే తేరుకున్నాయి. నూనె మాత్రం వెయ్యరాదు. రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వేగం కొలవడానికి సెల్‌ఫోనే సాధనమైంది. సెకనుకు 240 బొమ్మలు తీసే నిదాన వీడియోలో, సెకనులో 25వ వంతుకు పెట్టిన షట్టరు దాదాపు 10 బొమ్మల్లో తెరిచి ఉండాలి. మొదట 24 వచ్చాయి. శుభ్రం చేశాక 11. అది చాలు.

ఇక తిత్తి. చీకటి గదిలో లోపల టార్చిలైటు వెలిగిస్తే మడతల మూలల్లో నక్షత్రాలు కనిపించాయి. 19 వద్ద లెక్కపెట్టడం మానేశాను. నల్లరంగులో కాస్త ఫెవికాల్ కలిపి సన్నని కుంచెతో ఒక్కొక్క మూలా పూసి, రెండు రోజులు మడవకుండా వదిలేశాను. ఇది అతుకే, కొత్త తిత్తి వేయించడమే సరైన వైద్యం. కాని ముహూర్తం మన కోసం ఆగదు గదా.

అన్నిటికంటె నాకు నచ్చిన పని చివరిది. మాది రాజమండ్రి. డాబా మీద కెమేరాను స్టాండుకు బిగించి, వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండవలసిన చోట ట్రేసింగు కాగితం అంటించిన గాజుముక్క పెట్టాను. షట్టరు తెరిచి ఉంచి, తల మీద దుప్పటి కప్పుకుని భూతద్దంతో చూస్తే, 1997లో కట్టిన గోదావరి రైలు వంతెన కమానులు కాగితం మీద తలకిందులుగా కనిపించాయి. ముందు గాజును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోతే, ఒకచోట కమాను అంచు కత్తి అంచులా తేలింది. అక్కడ ఆపి, చక్రాన్ని 'అనంతం' గుర్తు వద్దకు పెట్టి మూడు మరలూ బిగించాను.

ఊటీలోని హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' ఫిల్ము ఇప్పుడు లేదు; ఆ కర్మాగారం మూతపడింది. కొడాక్, ఇల్ఫోర్డ్ వారి 120 ఫిల్ము తెప్పించుకోవచ్చు. 100 వేగం గలదే తీసుకోండి. ఈ షట్టరు మహా అయితే 200వ వంతు; మన ఎండకు 400 ఫిల్ము ఎక్కువ.

పరీక్షకు వాడిన మొదటి రోలులో ఐదు బొమ్మల మీద ఒకే మూల తెల్లని చార పడింది. ఆ మూలకు ఇంకో పూత వేశాను. ముహూర్తంనాడు అమ్మను వసారా నీడలో కుర్చీలో కూర్చోబెట్టి, టేపుతో ఎనిమిదడుగులు కొలిచి, 50వ వంతులో రెండు తీశాను. రెండూ వచ్చాయి. పట్టుచీర అంచులో జరీ కూడా తెలుస్తోంది. "మీ నాన్నగారైతే నవ్వమనేవారు" అంది అమ్మ.

లెన్సు లోపలి అంచున బూజు మచ్చ ఒకటి మిగిలింది. బొమ్మలో దాని జాడ లేదు గనుక నేను దాని జోలికి పోలేదు. కొత్త తిత్తికి మాత్రం కొలతలు రాసి పంపాను.